ప్లాటినానికి పట్టిన పాషాణం

1831లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పెరెగ్రిన్ ఫిలిప్స్ అనే వినిగర్ వ్యాపారి ఒక పేటెంటు తీసుకున్నాడు. గంధకం కాల్చగా వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ను గాలితో కలిపి, బాగా కాగిన పింగాణీ గొట్టంలోని ప్లాటినం మీదుగా పంపితే అది ఇంకాస్త ఆక్సిజన్‌ను అందుకుని సల్ఫర్ ట్రయాక్సైడ్ అవుతుంది. దాన్ని నీటిలో కలిపితే గంధకామ్లం వస్తుంది. పేటెంటు సారాంశం ఇంతే. అందులో తప్పేమీ లేదు. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే గంధకామ్లంలో చాలా మటుకు నడిచేది ఈ దారినే. అయినా ఫిలిప్స్ కాలంలో ఆ పేటెంటు మీద ఒక్క ఫ్యాక్టరీ కూడా నిలబడలేదు. ఆలోచన నలభై ఏళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. పెద్ద పరిశ్రమగా కాళ్లూనుకునేసరికి దాదాపు డెబ్బై ఏళ్లయింది.

ఇంత ఆలస్యం ఎందుకు? అవసరం అంతగా లేకపోవడం ఒక కారణం. 1746లో బర్మింగ్‌హామ్‌లో జాన్ రోబక్ మొదలుపెట్టిన సీసపు గదుల పద్ధతి అప్పటికే బాగా నడుస్తోంది. ఆ గదుల్లో తయారయ్యేది పలచటి ఆమ్లమే అయినా ఎరువులకూ సోడా తయారీకీ అదే సరిపోయేది. రెండో కారణమే ఈ కథ. ప్లాటినం మొదట్లో చక్కగా పనిచేసేది. కొద్ది రోజులకు మందగించేది. తర్వాత పూర్తిగా ఆగిపోయేది. చూడటానికి అదే లోహం, అదే బరువు, అదే మెరుపు. పని మాత్రం చెయ్యదు.

ఉత్ప్రేరకం చర్య వేగాన్ని పెంచుతుంది, తాను మాత్రం మార్పు చెందదు అని హైస్కూల్లో అందరం వల్లె వేశాం. పరీక్షకు ఆ వాక్యం చాలు. ఫ్యాక్టరీలో చాలదు. ఉత్ప్రేరకానికి జబ్బు చేస్తుంది, ముసలితనం వస్తుంది, చావూ వస్తుంది. కొన్ని చావుల నుంచి దాన్ని వెనక్కి తేవచ్చు, కొన్నిటి నుంచి తేలేం. ఏ చావు ఎలాంటిదో తేల్చుకున్న తర్వాతే గంధకామ్ల పరిశ్రమ నిలదొక్కుకుంది. పుస్తకాలు ఫిలిప్స్ పేరును తలుచుకుంటాయి, తలుచుకోవలసిందే. కానీ ప్లాటినం ఎందుకు చచ్చిపోతోందో కూర్చుని కనిపెట్టినవాళ్ల పని అంతకంటే పెద్దదని నా నమ్మకం.

ఆ ప్రశ్నను మొదట్లోనే శ్రద్ధగా పట్టించుకున్న పెద్ద శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. 1834లో ఆయన ప్రచురించిన ప్రయోగాలు గంధకామ్లం కోసం చేసినవి కావు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపిన గొట్టంలో ప్లాటినం రేకు ఉంచితే మామూలు వేడిమి దగ్గరే ఆ రెండు వాయువులూ కలిసి నీరవుతాయి. ఒక్కోసారి అవుతాయి, ఒక్కోసారి కావు. ఎందుకని ఆయన ఓపికగా వెతికాడు. రేకు ఉపరితలం పరిశుభ్రంగా ఉండటమే అసలు షరతని తేలింది. గాలిలో ఊరికే ఉంచినా రేకు శక్తి తగ్గిపోయేది. మంటలో కాల్చి క్షారంతో, వేడి గంధకామ్లంతో శుభ్రం చేస్తే తిరిగి వచ్చేది. ఉత్ప్రేరకాన్ని బతికించడం మీద మనకున్న తొలి పాఠాల్లో ఇదొకటి.

ఫారడే ఇంకో అడుగు వేశాడు. ఆ వాయు మిశ్రమంలో రకరకాల ఇతర వాయువులు కొద్దికొద్దిగా కలిపి చూశాడు. కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్ ఉన్నంతసేపు ప్లాటినం పని కుంటుపడింది. వాటిలోంచి తీసి శుభ్రమైన మిశ్రమంలో పెడితే మళ్లీ మామూలైంది. హైడ్రోజన్ సల్ఫైడ్, ఫాస్ఫీన్ తగిలిన రేకులు మాత్రం శుభ్రమైన మిశ్రమంలోకి మార్చినా కోలుకోలేదు. అడ్డు తగిలి తొలగిపోయేవి కొన్ని, పట్టుకుని వదలనివి కొన్ని. తర్వాతి రసాయన శాస్త్రం తాత్కాలిక విషాలనీ శాశ్వత విషాలనీ పేర్లు పెట్టుకున్న భేదం ఆ ప్రయోగాల్లోనే స్పష్టంగా కనబడుతుంది. ఫ్యాక్టరీలవాళ్లు ఆ పాఠాన్ని వెంటనే అందుకుని ఉంటే ఈ చరిత్ర వేరేలా నడిచేదేమో. అందుకోలేదు.

అవసరం వచ్చి పడింది రంగుల నుంచి. 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయనవేత్తలు మంజిష్ఠ వేరులోని ఎర్ర రంగైన అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. దాన్ని ఫ్యాక్టరీలో చెయ్యాలంటే సీసపు గదుల ఆమ్లం పనికిరాదు. సల్ఫర్ ట్రయాక్సైడ్ కలిసి పొగలు కక్కే చిక్కటి ఆమ్లం, ఓలియం, కావాలి. అప్పట్లో ఓలియం దొరికేది బొహీమియాలో. అన్నభేదిలాంటి ఇనుప సల్ఫేటు లవణాలను మట్టి బట్టీల్లో కాల్చి తీసేవాళ్లు. ఉత్పత్తి తక్కువ, ధర ఎక్కువ.

సాక్సనీలోని ఫ్రైబర్గ్ గనుల అకాడమీలో పాఠాలు చెప్పే క్లెమెన్స్ వింక్లర్ ఈ పని చేపట్టాడు. తర్వాత 1886లో జెర్మేనియం మూలకాన్ని కనిపెట్టినవాడు ఈయనే. 1875లో ఆయన అచ్చువేయించిన వ్యాసం పరిశ్రమను ఒక రకంగా లేపింది, మరో రకంగా దారి తప్పించింది. ప్లాటినాన్ని రాతినార మీద సన్నటి పూతగా పట్టిస్తే కొద్ది లోహంతోనే ఎక్కువ పని జరుగుతుందని చూపించాడు. అది నిలిచింది. సల్ఫర్ డయాక్సైడ్, ఆక్సిజన్ సరిగ్గా రెండుకి ఒకటి చొప్పున ఉంటేనే చర్య బాగా సాగుతుందని, గాలిలోని నైట్రోజన్ పానకంలో పుడకలాంటిదని కూడా అన్నాడు. అది నిలవలేదు. ఆ కచ్చితమైన పాళ్ల కోసం ఆయన తయారైన గంధకామ్లాన్నే వేడితో విడగొట్టి, నీటిని తీసేసి, మిగిలిన రెండు వాయువులనూ మళ్లీ ప్లాటినం మీద కలిపాడు. అదే ఏడాది లండన్‌లో స్క్వైర్, మెస్సెల్ కూడా ఇదే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు.

పద్ధతి పనిచేసింది. పాళ్లు కుదిరినందుకే పనిచేసిందని చాలామంది నమ్మారు. అసలు కారణం వేరు. ఆమ్లాన్ని విడగొట్టగా వచ్చిన వాయువులో దుమ్ము లేదు, ఖనిజంలోంచి వచ్చే మలినాలు లేవు. ప్లాటినానికి విషం అందలేదు కనుక అది బతికింది. జవాబు ఎదురుగానే ఉంది, దానికి తగిలించిన కారణం మాత్రం తప్పు. సుమారు పాతికేళ్లు పరిశ్రమ ఆ పాళ్ల భ్రమలోనే తిరిగింది. ఆమ్లం తయారుచేయడానికి ముందుగా ఆమ్లం కొనాల్సి రావడమంటే ఎంత ఖర్చో చెప్పనక్కర్లేదు.

చవకైన దారి ఒకటుంది. పైరైటు అనే ఇనుప గంధక ఖనిజాన్ని గాలిలో కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ కావలసినంత వస్తుంది. సీసపు గదులు నడిచిందీ దానితోనే. ఆ వాయువును ప్లాటినం మీదికి పంపిన ప్రతివాళ్లకీ అదే అనుభవం ఎదురైంది: కొన్నాళ్లు పని, తర్వాత మరణం.

రైన్ నది ఒడ్డున లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఉన్న బీఏఎస్ఎఫ్ కంపెనీలో రుడాల్ఫ్ క్నీచ్ అనే రసాయనవేత్త ఈ మరణాన్ని వెంటాడాడు. 1854లో పుట్టి, 1884లో ఆ కంపెనీలో చేరాడు. క్లోరిన్‌ను ద్రవంగా మార్చి అమ్మకానికి పెట్టిన ఘనత కూడా ఈయనదే. గంధకామ్లం మీద ఆయన చేసిన పనిని కంపెనీ ఏళ్ల తరబడి గుట్టుగా ఉంచింది. 1901లో బెర్లిన్‌లో జర్మన్ రసాయన సంఘం ముందు ఆయన ఇచ్చిన ఉపన్యాసంతో గుట్టు విడింది. సాంకేతిక చరిత్రలో అంత నిజాయితీగా సాగిన ఉపన్యాసాలు తక్కువ. గెలుపుతో పాటు, గెలవకముందు ఎక్కడెక్కడ చిక్కుకున్నారో కూడా అందులో చెప్పాడు.

ప్రయోగశాలలో పైరైటు వాయువును కడిగి ఆరబెట్టి ప్లాటినం మీదికి పంపితే పనితనం తగ్గలేదు. ఆ ధైర్యంతో ఫ్యాక్టరీలోనూ అదే ఏర్పాటు కట్టారు. అక్కడ కథ మారింది. గంధకామ్లంతో వాయువును ఎంత కడిగినా, అప్పటి పరీక్షల్లో ఏ మలినం కనబడకపోయినా, ప్లాటినం చాప కింద నీరులా బలహీనపడుతూ వచ్చింది. ఇక వాయువులో ఉండగల పదార్థాలను ఒక్కొక్కటిగా తీసుకుని ప్లాటినం మీద ప్రయోగించారు. ఇనుము, సీసం, జింకు, యాంటిమనీ, బిస్మత్ లాంటివి పొరలా కప్పేసి దారి మూస్తాయి. అది పూడిక, విషం కాదు. పాదరసం, ఫాస్ఫరస్ ప్రమాదకరం. అన్నిటికంటే ఘోరమైనది ఆర్సెనిక్, మన ఊళ్లలో పాషాణమని భయపడేది. ప్లాటినం బరువులో ఒకటి రెండు శాతం ఆర్సెనిక్ పడితే చాలు, ఆ ప్లాటినం ఎందుకూ పనికిరాదు. పైరైటులో ఆర్సెనిక్ ఉండటం మామూలే. కాల్చినప్పుడు అది ఆక్సైడ్‌గా ఆవిరై వాయువుతో పాటు బయల్దేరుతుంది.

విషం పేరు తెలిసింది. అంత కడిగిన వాయువులో అది ఎలా మిగులుతోంది? దొంగ దారులు రెండు బయటపడ్డాయి.

మొదటిది మంచు. బట్టీ వాయువులో కొద్దిగా ట్రయాక్సైడ్, కొద్దిగా తేమ ఎప్పుడూ ఉంటాయి. వాయువును గబుక్కున చల్లబరిస్తే అవి కలిసి తెల్లటి మంచులా అతి సన్నని ఆమ్ల బిందువులుగా మారతాయి. ఆ బిందువులు ఆర్సెనిక్‌ను మోసుకుని, కడిగే తొట్లలోంచి తడవకుండా దాటిపోతున్నాయి. ఆ మంచును పూర్తిగా తీయడం సాధ్యం కాదని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. వాయువును నెమ్మదిగా చల్లబరిస్తే, ఆ తర్వాత కడిగితే, తీయవచ్చని క్నీచ్ బృందం కనిపెట్టింది. పొడవాటి గొట్టంలో వాయువును నింపి ఒక చివర నుంచి రెండో చివరకు వెలుతురులో చూసేవాళ్లు. నిలువునా చూసినా మసక కనబడకూడదు, అదే పరీక్ష.

రెండో దారి ఇంకా విచిత్రం. నెమ్మదిగా చల్లబరచడానికి ఇనుప గొట్టాలు వాడారు. వాటిలో చేరిన ఆమ్లం ఇనుమును కొరికి హైడ్రోజన్ పుట్టించింది. ఆ హైడ్రోజన్ ఆర్సెనిక్‌తో కలిసి ఆర్సీన్ అనే వాయువైంది. కంటికి కనబడదు, ఆమ్లంతో కడిగితే పోదు. విషాన్ని తీసేయడానికి పెట్టిన పరికరమే విషానికి కొత్త వేషం వేసి పంపుతోందన్నమాట. ఈ ముడి విప్పడానికి ఎంత ఓర్పు కావాలో ఊహించుకుంటే నాకు ఆ మనుషుల మీద అపారమైన గౌరవం కలుగుతుంది. ఆమ్లం చేరే చోట ఇనుముకు తావు లేకుండా చేశారు. బట్టీ వాయువులోకి ఆవిరి ఊది, బాగా కలియబెట్టి, కాలకుండా మిగిలిన గంధకాన్ని, దానితో వచ్చే ఆర్సెనిక్, ఫాస్ఫరస్‌లను పూర్తిగా కాలిపోయేలా చేశారు.

మరో రెండు విషయాలూ తేలాయి. ఈ చర్యలో విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడి అక్కడే ఉండిపోతే తయారైన ట్రయాక్సైడ్ తిరిగి విడిపోతుంది. కాబట్టి ప్లాటినాన్ని కాచడం కంటే చల్లార్చుకుంటూ ఉండటమే అసలు పని. వింక్లర్ పాళ్లూ అక్కర్లేదు, ఆక్సిజన్ కాస్త ఎక్కువగా ఉంటేనే మేలు. క్నీచ్ ఇచ్చిన లెక్కల ప్రకారం ఆ ఫ్యాక్టరీలో 1888లో 18,500 టన్నులుగా ఉన్న ట్రయాక్సైడ్ ఉత్పత్తి 1900 నాటికి 1,16,000 టన్నులకు చేరింది.

ఆ టన్నుల వెనక మన నేల కథ కూడా ఉంది. బీఏఎస్ఎఫ్ 1897లో కృత్రిమ నీలిమందును బజారులోకి తెచ్చింది. దాని తయారీలో నాఫ్తలీన్‌ను ఓలియంతో ఆక్సీకరించాలి. అందులో బోలెడంత సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది. దాన్ని మళ్లీ ట్రయాక్సైడ్‌గా మార్చుకోలేకపోతే లెక్క గిట్టదు. చావని ప్లాటినం దొరికాకే ఆ లెక్క కుదిరింది. అప్పటికి బీహారుతో పాటు కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో నీలిమందు పెద్ద పంట. కడప సరుకు ‘కుర్పా’ అనే పేరుతో లండన్ వేలాల్లో అమ్ముడుపోయేది. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆ సాగు కుప్పకూలింది. లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఆర్సెనిక్ మంచు వదిలించిన చేతులకు కడప నీలి తొట్లు ఎండిపోవడంలో వాటా ఉందన్న సంగతి మన ఆర్థిక చరిత్రలు చెప్పడం నేను అరుదుగా చూశాను.

ఆ మంచు ఇంకో ఆవిష్కరణకూ కారణమైంది. క్యాలిఫోర్నియాలో పినోల్ దగ్గరి ఒక ఆమ్ల కర్మాగారంలో ఇదే ఆర్సెనిక్ బెడద వస్తే, బర్క్‌లీలో పనిచేసే ఫ్రెడరిక్ కాట్రెల్‌ను సలహా అడిగారు. ఆయన 1906, 1907 ప్రాంతాల్లో ఆమ్ల బిందువులకు ఎక్కువ వోల్టేజి విద్యుత్తుతో ఆవేశమిచ్చి పలకల మీదికి లాగే పరికరం తయారుచేశాడు. రామగుండంలో, ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రాల పొగగొట్టాల ముందు బూడిదను పట్టే ఈఎస్‌పీలు ఆ పరికరం సంతతే.

మరి అప్పటికే విషం పట్టిన ప్లాటినం సంగతి? పారెయ్యడానికి అది రాయి కాదు. గ్రిల్లో, ష్రోడర్ పద్ధతిలో ప్లాటినాన్ని రాతినార బదులు మెగ్నీషియం సల్ఫేటు గుళికల మీద పట్టించేవాళ్లు. దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. విషం పట్టిన గుళికలను ద్రవరాజంతో, అంటే బంగారాన్ని కూడా కరిగించే ఆమ్ల మిశ్రమంతో, తడిపి ఆరబెట్టి వేడిచేస్తే ఆర్సెనిక్ వదిలి ప్లాటినం మళ్లీ తాజాగా పరుచుకునేది. మరీ చెడిపోతే గుళికలను నీళ్లలో వేస్తే చాలు, ఉప్పు కరిగిపోయి ప్లాటినం అడుగున మిగిలేది. తిరిగి ప్రాణం పోయవలసి వస్తుందని ముందే ఊహించి ఆధారాన్ని ఎంచుకున్నారన్నమాట. ఆ ముందుచూపు నాకు చాలా నచ్చింది.

ప్లాటినం ఖరీదు, దాని విషభయం రెండూ కలిసి జనాన్ని వేరే పదార్థాల వైపు నడిపించాయి. వనేడియం ఆక్సైడ్ ఈ చర్యను నడుపుతుందని 1900 నాటికే పేటెంట్లలో ఉంది కానీ పని నెమ్మది. బీఏఎస్ఎఫ్‌లోనే స్లామా, వోల్ఫ్ అనే ఇద్దరు పొటాషియం లవణాలు చేర్చి, సిలికా ఉన్న తేలికపాటి ఆధారం మీద పట్టించి దానికి బలం తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అది వాడకంలోకి వచ్చింది. ఆర్సెనిక్‌ను ప్లాటినం కంటే చాలా మెరుగ్గా తట్టుకుంది. సోవియట్ యూనియన్‌లో బోరెస్కోవ్, అమెరికాలో కొన్ని కంపెనీలు అదే దారి పట్టాయి. రెండు మూడు దశాబ్దాల్లో ప్లాటినం ఈ రంగం నుంచి దాదాపు తప్పుకుంది.

వనేడియం చావదని కాదు. దాని చావు వేరు.

1940లో ఫ్రేజర్, కిర్క్‌ప్యాట్రిక్ అనే ఇద్దరు అమెరికన్ రసాయనవేత్తలు ఒక వింత సంగతి ప్రతిపాదించారు. పనిచేస్తున్నప్పుడు ఈ ఉత్ప్రేరకపు గుళిక లోపల వనేడియం ఘనంగా ఉండదు. పొటాషియం లవణం ట్రయాక్సైడ్‌ను పీల్చుకుని పైరోసల్ఫేటుగా మారి కరుగుతుంది. ఆ ద్రవంలో వనేడియం కరిగి, సిలికా రంధ్రాల గోడలకు పలచటి పొరగా అంటుకుని ఉంటుంది. చర్య జరిగేది ఆ ద్రవంలోనే. పైకి గట్టి రాతిముక్కలా కనిపించేదాని కడుపులో నీటి చెమ్మలాంటి కరుగు ఉందని ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది. ఒప్పుకున్నాక చాలా చిక్కుముడులు విడిపోయాయి.

అందులో పెద్దది చలి. ఉష్ణోగ్రత సుమారు 420 డిగ్రీల కంటే దిగితే ఈ ఉత్ప్రేరకం పనితనం నిట్టనిలువునా పడిపోతుంది. ఎందుకో 1980ల చివర్లో, 1990ల్లో డెన్మార్క్, గ్రీసు శాస్త్రవేత్తలు కలిసి చూపించారు. చల్లబడిన కొద్దీ వనేడియంలో కొంత భాగం ఆక్సిజన్‌ను పోగొట్టుకుని తక్కువ ఆక్సీకరణ స్థితికి దిగుతుంది. ఆ స్థితిలోని లవణాలు కరుగులో ఇమడలేక స్ఫటికాలుగా బయటపడతాయి. పంచదార పాకం చల్లారితే పలుకు కట్టినట్టు. పాకానికి ఏది మందో దీనికీ అదే. వేడిని 470, 500 డిగ్రీల దాకా తీసుకెళ్లి కాసేపు నిలిపితే స్ఫటికాలు కరిగి, వనేడియం మళ్లీ ఆక్సీకరణ చెంది, పోయిన శక్తి తిరిగి వస్తుంది. పొటాషియంలో కొంత భాగానికి బదులు సీసియం వేస్తే ఇంకా తక్కువ వేడిమి దగ్గర కూడా కరుగు కరుగుగానే ఉంటుంది. సీసియం ఖరీదైనది కాబట్టి అవసరమైన బెడ్లలోనే, అంటే గుళికలు పరిచిన పొరల్లోనే, దాన్ని నింపుతారు.

ఆర్సెనిక్ ఇక్కడా పూర్తిగా ఊరుకోదు. మామూలు వేడిలో గుళికలకు పట్టి పనిని కొంత తగ్గించి ఆగుతుంది. 550 డిగ్రీలు దాటితే వనేడియంతో జతకట్టి ఆవిరవుతూ దాన్ని బయటికి మోసుకుపోతుంది. అలా పోయిన వనేడియం వేడిచేస్తే తిరిగి రాదు. ఫ్లోరిన్ వేరే పని చేస్తుంది: హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా వచ్చి సిలికా ఆధారాన్నే తినేస్తుంది. ఇల్లు కూలాక లోపలి మనిషికి వైద్యం చేసి లాభం లేదు.

మన దగ్గర గంధకామ్లం ఎక్కువగా అవసరపడేది ఎరువులకు. విశాఖపట్నంలో 1967 నుంచి నడుస్తున్న కోరమాండల్ ఎరువుల కర్మాగారంలో గంధకం కాల్చి ఆమ్లం, ఆ ఆమ్లంతో ఫాస్ఫారిక్ ఆమ్లం, దాంతో కాంప్లెక్స్ ఎరువు చేస్తారు. మన రైతు భుజాన మోసే గ్రోమోర్ బస్తా వెనక ఈ వనేడియం గుళికల పని ఉంది. గంధకం కాల్చే ప్లాంట్లలో ఆర్సెనిక్ బాధ తక్కువ. అక్కడ కన్వర్టర్‌ను, అంటే ఉత్ప్రేరకపు బెడ్లన్నీ ఉండే పాత్రను, ముసలిదాన్ని చేసేది దుమ్ము. గంధకంలోని బూడిద, గొట్టాలు తుప్పు పట్టగా వచ్చిన ఇనుప సల్ఫేటు, గుళికలు ఒరుసుకుని రాలిన పొడి, అన్నీ మొదటి బెడ్ పైభాగంలో పేరుకుంటాయి. ఉత్ప్రేరకం బాగానే ఉంటుంది; గాలికి దారి ఉండదు. ప్రెషర్ డ్రాప్ పెరుగుతుంది, బ్లోయర్ మీద భారం పడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి ఉత్పత్తి తగ్గించాల్సి వస్తుంది. గుళికలను నిండు కడ్డీల బదులు ఉంగరాల్లా చెయ్యడం ఈ దుమ్ముకు చోటిచ్చి గాలికి దారి ఉంచడానికే.

అప్పుడు షట్‌డౌన్ పెట్టి స్క్రీనింగ్ చేస్తారు. గంధకం ఆపేసి, కొన్ని గంటలపాటు వేడి పొడిగాలి ఊది, రంధ్రాల్లో మిగిలిన ట్రయాక్సైడ్‌ను తరిమేస్తారు. ఈ పనిలో తొందరపడకూడదు. ట్రయాక్సైడ్ ఉండగా తేమగాలి తగిలితే లోపలే ఆమ్లం పుట్టి గుళికలు మెత్తబడి చిట్లిపోతాయి. చల్లారాక మనుషులు కన్వర్టర్ లోపలికి దిగి, లావుపాటి గొట్టాలతో గుళికలను పీల్చి బయటికి తీస్తారు. అదిరే జల్లెడ మీద పొడి రాలిపోతుంది, మిగిలినవి తిరిగి లోపలికి వెళ్తాయి, తరుగును కొత్త సరుకుతో నింపుతారు. మొదటి బెడ్‌కు ఇది ఒకటి నుంచి మూడేళ్లకోసారి తప్పదు. కింది బెడ్లు పదేళ్లు కూడా నడుస్తాయి.

ఆ దుమ్ము వనేడియం దుమ్ము. ఊపిరితిత్తులను కొరుకుతుంది, ఎక్కువ పీల్చినవాళ్ల నాలుక ఆకుపచ్చగా మారడం వైద్య పుస్తకాల్లో ఉన్న లక్షణమే. లోపలికి దిగేవాళ్లు చాలాచోట్ల కాంట్రాక్టు కార్మికులు. సరైన మాస్కు, బయటి నుంచి గాలి, మూత దగ్గర కాపలాకు ఒక మనిషి లేకుండా ఎవర్నీ దించకూడదు. ఉత్ప్రేరకానికి పోసే ప్రాణం మనిషి ప్రాణం తీసి పోసేది కాకూడదు.

గంధకామ్లం ఒక్కదానితో ఆక్సీకరణ పరిశ్రమ అయిపోదు. నైట్రిక్ ఆమ్లం కోసం అమ్మోనియాను కాల్చే ప్లాటినం, రోడియం వల విషంతో కంటే అరుగుదలతో పోతుంది: 800 డిగ్రీలు దాటిన వేడిలో ప్లాటినం ఆక్సైడ్‌గా ఆవిరవుతూ గాలిలో కలిసిపోతుంది, అందుకే కింద పల్లేడియం వల కట్టి దాన్ని పట్టుకుంటారు. బ్యూటేన్ నుంచి మాలెయిక్ ఎన్‌హైడ్రైడ్ చేసే వనేడియం ఫాస్ఫేటు క్రమంగా ఫాస్ఫరస్‌ను కోల్పోతుంది; వాయువుతో పాటే కొద్దికొద్దిగా ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని పంపి లోటు తీరుస్తారు, అంటే ఆ ఉత్ప్రేరకానికి వైద్యం పని మధ్యలోనే జరుగుతుంది. క్నీచ్ ప్లాటినానికి చావు తెచ్చిన ఫాస్ఫరస్ ఇక్కడ మందు. మెథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్ చేసే ఐరన్ మాలిబ్డేటుకు మాలిబ్డినం ఆవిరై పోవడమే జబ్బు, దానికి ఇప్పటికీ సులువైన మందు లేదు. అయిపోయాక మార్చెయ్యడమే.

ఈ తేడాల వల్లే ప్లాంటు ఇంజనీర్లు రోజూ ప్రతి బెడ్‌లోకి వెళ్లే, బయటికొచ్చే వాయువు ఉష్ణోగ్రతలు రాసిపెడతారు. రెండిటి మధ్య తేడా తగ్గుతోందంటే ఆ బెడ్ పని తగ్గిస్తోందని. ప్రెషర్ డ్రాప్ పెరిగి ఉష్ణోగ్రత తేడా తగ్గకపోతే జల్లెడ చాలు. చల్లటి షట్‌డౌన్ తర్వాత లేవకపోతే వేడి చేసి చూస్తారు. రెండూ పనిచేయకపోతే గుళికల నమూనా ప్రయోగశాలకు వెళ్తుంది. అందులో వనేడియం ఎంత మిగిలింది, ఆర్సెనిక్ ఎంత ఎక్కింది, సిలికా ఎంత దెబ్బతింది అని చూస్తారు. ఆధారం చెడితే, వనేడియం ఆవిరైపోయి ఉంటే ఇక దించేయడమే. దించిన సరుకులోని వనేడియాన్ని క్షారంతోనో ఆమ్లంతోనో కరిగించి తీస్తారు. అందులో కొంత మళ్లీ ఉత్ప్రేరకంగా, కొంత ఉక్కును గట్టిపరిచే ఫెర్రో వనేడియంగా మారుతుంది. ఆర్సెనిక్ ఎక్కువగా పట్టిన బస్తాలను మాత్రం వేరుగా కట్టి, ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే స్థలానికి పంపిస్తారు.